చిన్న ఫ్యాన్ తిరగని రోజులు

టైపిస్టు పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, టీ పెట్టుకుని, గ్లాసు సగం ఖాళీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఆ తర్వాత హాల్లోకి వచ్చి గోడ మీది స్విచ్చు ఆపుతుంది. అప్పుడు లోపలి గదిలో గడియారం టిక్కుమంటుంది, కర్టెను కదులుతుంది, మంచం మీద అన్నయ్య నాలుగు రోజుల కిందట మొదలుపెట్టిన దగ్గు పూర్తి చేస్తాడు.

ఆ స్విచ్చు లోపలి గదిలో ఉన్న కంప్యూటరుది. పదహారేళ్ళ కిందట అన్నయ్యే ముక్కా ముక్కా తెచ్చి బిగించిన కంప్యూటరు. ఆయన పనే అది. చుట్టుపక్కల వీధుల్లో ఎవరి కంప్యూటరు మూలిగినా సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఇంట్లోదానికి మాత్రం ‘ఆదివారం చూద్దాంలే’ అనే మందొక్కటే వేశాడు. ఆదివారాలు చాలానే వెళ్ళిపోయాయి. చివరికి ఆయనా అదీ ఒకే ఏడాది మంచాన పడ్డారు.

దాని జబ్బుకు ఒక వరస ఉంది. ముందు తెర మీద పచ్చగీతలు. తర్వాత బొమ్మలన్నీ గళ్ళుగళ్ళుగా చెదిరిపోవడం. తర్వాత మౌసు బాణం నత్తిగా నడవడం. ఆపైన రెండు సెకన్లలో అంతా బిగుసుకుపోతుంది. కంప్యూటరు బిగుసుకుంటే గదీ బిగుసుకుంటుంది. గడియారం, గాలి, ఎగురుతున్న దోమ, మనుషులు, ఏదీ మినహాయింపు కాదు. హాల్లో స్విచ్చు ఆపితేనే మళ్ళీ కదలడం. మొదట్లో ఒకసారి టైపిస్టు కూడా అన్నయ్యకు అన్నం తినిపిస్తూ లోపలే చిక్కుకుపోయింది. రెండు రోజులు చెంచా ఎత్తి పట్టుకుని కూర్చుంది. పక్కింటి అక్కయ్య వచ్చి స్విచ్చు ఆపి, “తలుపు గడియ పెట్టకుండా ఇలా ఆగిపోతే ఎలాగమ్మా, కుక్కలు దూరవూ?” అని చీవాట్లు పెట్టింది.

ఆ అక్కయ్యే తమ ఫ్రిజ్ పాడైన రోజు పాలగిన్నె తెచ్చి ఆ గది కిటికీలో పెట్టుకుంది. “కదిలించే ముందు ఒక కేక వెయ్యి, పట్టుకుపోతాను” అంది. డాక్టరు వచ్చినప్పుడల్లా హాల్లోనే టైపిస్టును పక్కకు పిలిచి, “పోయిన నెల ఎన్ని రోజులు ఆగింది?” అని అడిగి, ఆ రోజులు తీసేసి మందులు రాసేవాడు. అన్నయ్యకు మూడు నెలలు అని చెప్పిందీ ఆయనే. ఆ మాట చెప్పి తొమ్మిది నెలలైంది. అన్నయ్యకు మాత్రం ఇంకా డెబ్బై రోజులే గడిచాయి.

ఆ సంగతి అన్నయ్యకు తెలియదు. కదిలినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే.

“మళ్ళీ ఆగిందా?”

“ఆ.”

“ఎంతసేపు?”

“పావుగంట.”

“గ్రాఫిక్స్ కార్డు తీసి దాని పళ్ళు రబ్బరుతో రుద్దావా?”

“రుద్దాను. నీ పళ్ళకంటే తెల్లగా ఉన్నాయి.”

“డ్రైవరు?”

“కొత్తది తీసేసి పాతది వేశాను.”

“ర్యామ్ చోటు మార్చి చూశావా?”

“చూశాను. ఇంక మార్చాల్సింది మనింటి చోటే.”

పావుగంట తప్ప అందులో ఒక్కటీ అబద్ధం కాదు. చెప్పినవన్నీ వరసగా, శ్రద్ధగా చేసింది. వాటితో బాగుపడదని ఆమెకు తెలుసు కాబట్టే అంత శ్రద్ధ.

ఒక గురువారం అన్నయ్య, “ఆ కిటికీ కొంచెం” అన్నాడు. పచ్చగీతలు వచ్చాయి. టైపిస్టు అలవాటు ప్రకారం ఒక్క గెంతులో గుమ్మం దాటింది. ఆరు రోజుల తర్వాత స్విచ్చు ఆపింది.

“తెరువు” అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. “మాట మొదలుపెట్టినప్పుడు నీ ఒంటి మీద నీలం బట్టలున్నాయి. పూర్తయ్యేసరికి పసుపువి.”

“టీ ఒలికింది. మార్చుకున్నాను.”

“పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు కూడా ఒలికాయా?”

ఆమె పాలగిన్నె సర్దడానికి కిటికీ వైపు తిరిగింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

“ఇది ఏ నెలే?”

చెప్పింది. అన్నయ్య దుప్పటి మీదే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టుకున్నాడు.

“ఆ కంప్యూటరు డబ్బా మూత తీసి ఇటు తిప్పు.”

“బరువు.”

“పదహారేళ్ళ నుంచీ అంతే బరువు. తిప్పు.”

తిప్పింది. గ్రాఫిక్స్ కార్డు మీద, అది వేడెక్కి బిగుసుకోకుండా చల్లబరిచే, అరచేతిలో సగం ఉండే చిన్న ఫ్యాను. దాని రెక్కల మధ్య, తిరగడానికి వీల్లేకుండా అడ్డంగా, ఆమె తలలో పెట్టుకునే పిన్ను. ముప్పై ఏళ్ళలో అన్నయ్యకు ఫ్యాన్లలో దుమ్ము దొరికింది, బొద్దింకలు దొరికాయి, ఒకసారి ఎవరి పిల్లాడిదో పాలపన్ను దొరికింది. పిన్ను ఇదే మొదలు.

“ఎప్పుడు పెట్టావు?”

“డాక్టరు చెప్పిన మర్నాడు.” ఆమె నేల వైపు చూస్తూ చెప్పింది. “ముందు దానంతటదే ఆగేది. ఏ వారానికో, రెండు వారాలకో. నాకు చాల్లేదు. స్కూలు ఆఫీసులో టైపింగుకి వెళ్ళినప్పుడు నీకేమన్నా అయితే? ఆపేసి వెళ్తే ధైర్యంగా ఉండేది. వచ్చాక కదిలిద్దాం అనుకుంటాను. ఇంకొక్క రోజు ఆగి కదిలిద్దాం అనిపిస్తుంది.”

“నాకింకా ఎన్ని రోజులున్నాయి?”

“ఇరవై. అటూ ఇటూగా.”

“డెబ్బై రోజులు నా దగ్గర కూర్చున్నావు. మిగతా రెండొందల రోజులూ ఎక్కడున్నావు?”

“గుమ్మంలో.”

“ఏం చేస్తూ?”

“నిన్ను చూస్తూ.”

“నేనేం చేస్తున్నాను?”

“ఒక్కోసారి దగ్గు మధ్యలో ఉండేవాడివి. మొన్న ఒకసారి ఆవలింత మధ్యలో.”

“అంటే వారం రోజులు నా కొండనాలుక చూస్తూ కూర్చున్నావన్నమాట.”

టైపిస్టుకు నవ్వొచ్చింది. అది నవ్వులాగా బయటికి రాలేదు.

“లోపలికొచ్చి కూర్చోవే” అన్నాడు అన్నయ్య మెల్లగా. “ఆ ఇరవై రోజులూ గుమ్మంలో కాకుండా ఇక్కడ కూర్చో. ఆ పిన్ను తియ్యి. నా చెయ్యి అందదు, లేకపోతే నిన్ను అడిగేవాణ్ణా?”

“తియ్యను.”

ఆమె మూత పెట్టేసి, కంప్యూటరు ఆన్ చేసి, కనపడిన పెద్ద పెద్ద ఫొటోలన్నీ ఒకేసారి తెరిచింది. పచ్చగీతలు వస్తుంటే అన్నయ్య ఆపమనలేదు, తిట్టలేదు. మెడ గుమ్మం వైపు తిప్పుకుని, చెయ్యి చాపి, ఆమె ఎక్కడ నిలబడుతుందో సరిగ్గా అక్కడికి చూపు గురిపెట్టి పడుకున్నాడు. ఆమె గెంతింది. గది ఆగింది.

ఈసారి ఆయన దగ్గడం లేదు, ఆవలించడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

మొదటిరోజు టైపిస్టు గుమ్మంలో నిలబడలేక వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. రెండోరోజు గుమ్మానికి దుప్పటి కట్టింది. కట్టాక, దుప్పటి వెనక ఆ చెయ్యి చాపే ఉందని ఇంకా గట్టిగా తెలిసింది. నాలుగోరోజు స్కూలు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా స్విచ్చు ఆపింది.

“పావుగంటేనా?” అన్నాడు అన్నయ్య.

“నోరు ముయ్యి” అని, మూత తీసి, పిన్ను లాగేసింది.

ఆ సాయంత్రమంతా రిపేరే. అన్నయ్య మంచం మీదినుంచి చెప్పడం, ఆమె చెయ్యడం. కార్డుకు ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకి కొత్తది రాసింది. “రొట్టెకి రాసినట్టు కాదే, చీమ తలకాయంత చాలు” అన్నాడు. ఫ్యాను ఇరుసులో ఒక్క చుక్క నూనె వేసి వేలితో తిప్పింది. తిరిగింది. కంప్యూటరు ఆన్ చేస్తే బొమ్మలు నీళ్ళలో కడిగినట్టు వచ్చాయి. పదహారేళ్ళ కార్డు, ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేనన్నాడు అన్నయ్య. రెండ్రోజులకు పక్కింటి అక్కయ్య విరిగిన పాలు పారబోసుకుంటూ, “మీ గదీ మా వంటింటిలాగే అయిపోయిందే” అని బాధపడింది.

టైపిస్టు స్కూలుకు వెళ్ళడం మానేసి పని ఇంటికే తెచ్చుకుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, ప్రశ్నపత్రాలు కుప్ప. ఆమె టైపు చేస్తుంటే అన్నయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. “అక్కడ ఒకటి చెరిపావు” అనేవాడు శబ్దాన్ని బట్టి. ప్రతి ప్రశ్నా పైకి చదివించుకుని జవాబులు చెప్పేవాడు. చరిత్రలో అన్నీ తప్పులే. చిన్నప్పుడు ఆమె లెక్కల పుస్తకం దాచింది తనేనని ఒకరోజు ఒప్పుకున్నాడు. ఇంకోరోజు నొప్పి ఎక్కువై ఆమె మణికట్టు కమిలేలా పట్టుకున్నాడు. ఆ నొప్పిని ఆపే ఉపాయం తన తలలోనే ఉందని ఆమెకు ఆ గంటలో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. చెయ్యి తల దాకా వెళ్ళేది. పిన్ను సరిచేసుకుని తిరిగొచ్చేది.

పదిహేడో రోజు మధ్యాహ్నం ఆమె ఎనిమిదో తరగతి లెక్కల పేపరు కొడుతోంది. పొద్దున్నుంచీ అన్నయ్య ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. డాక్టరు వచ్చి చూసి, ఈసారి కాగితం తీయకుండానే వెళ్ళిపోయాడు.

ఏడో ప్రశ్న సగంలో తెర మీద ఒక పచ్చగీత వచ్చింది.

ఆమె ఏమీ చెయ్యలేదు. పిన్ను తలలోనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. దానంతటదే వచ్చింది. రెండో గీత, మూడోది. అక్షరాలు గళ్ళలోకి విరిగిపోయాయి. ఒక్క గెంతు చాలు. అన్నయ్య ఈ ఊపిరి దగ్గరే ఉండిపోతాడు, వచ్చే ఏడాది దాకా, ఆపై ఏడాది దాకా, ఆమెకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. ఎవరూ ఏమీ అనరు. ఆమె అప్పుడే కుర్చీలోంచి లేచి గుమ్మం వైపు రెండడుగులు వేసేసింది కూడా.

బాణం నత్తిగా నడవడం మొదలుపెట్టింది.

ఆమె వెనక్కి తిరిగి, బల్ల కిందికి వంగి, వైరు పట్టుకుని ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది. గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

“ఏమైంది?” అన్నాడు అన్నయ్య.

“వేడెక్కింది. ఆపేశాను.”

“మంచి పని చేశావు.” కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “ఏడోది ఏంటి?”

చూసి చదవడానికి తెర లేదు. ఆమె కుర్చీని మంచం దగ్గరికి లాక్కుని, గుర్తున్నంత వరకూ చెప్పింది. రెండు బస్సులు, రెండు ఊళ్ళ నుంచి, ఒకే సమయానికి బయలుదేరాయి. ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నెమ్మదిగా. ఎక్కడ కలుసుకుంటాయి?

అన్నయ్య కళ్ళు మూసుకుని లెక్క కట్టడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడటం లేదు. ఆమె వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది. చాలాసేపు కట్టాడు. నాలుగుంబావుకి పెదవులు కదలడం మానేశాయి.

ఆమె ఇంకాసేపు అలాగే చెవి పెట్టుకుని ఉంది.