కంచెకు కట్టిన ముడుపు

పొద్దున్నుంచి రవికుమార్ చేతిలోని చిన్న రేడియో టిక్కు, టిక్కు అంటూనే ఉంది. ఆ చప్పుడు ఆగాలని సరళ మొక్కని దేవత లేదు.

తప్పు మిషనుది కాదు. కంచె మిషను సెకనుకొకసారి తీగలోకి కరెంటు కొడుతుంది. పందిని చంపదు, మూతి మీద ఒక్కటిచ్చి వెనక్కి పంపుతుంది. తీగ శుభ్రంగా ఉంటే ఏ గొడవా లేదు. ఎక్కడైనా ముడి వదులైనా, తడి గడ్డి తగిలినా అక్కడ కంటికి కనపడని రవ్వ లేస్తుంది. ఆ రవ్వే ఎదురుగా బోడికొండ మీదున్న రేడియో టెలిస్కోపుల చెవుల్లో పెద్ద గోల.

జాకరగరువు జనం వాటిని తిరగేసిన గొడుగులంటారు. ఆకాశంలో ఎక్కడో, మన ముత్తాతల కాలం కన్నా ముందు పుట్టిన చప్పుడు వినడానికి పెట్టారట. అంత దూరం వినే చెవులకు కొండకింద సరళ మొర మాత్రం వినపడలేదు. రేపటినుంచి పది రోజులు గొడుగులు వినే రోజులు. సాయంత్రం ఐదింటికల్లా టిక్కు ఆగకపోతే మిషను ఆపేయాలని కాగితం వచ్చింది. ఆ చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి కొండమీది ఆఫీసు రవికుమార్‌ను జీపిచ్చి పంపింది.

పది రోజులు! కంకులు ఎర్రబడుతున్న ఎకరం చోడిచేను అది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో కాగే రాగి అంబలి అంతా అందులోనే ఉంది. మిషను ఆగిందని పందులకెవరూ కాగితం పంపనక్కర్లేదు, వాటికి తెలిసిపోతుంది. కాపలా కాద్దామంటే మొగుడు గాసి మంచం మీదున్నాడు.

ఇరవై రెండు రోజుల కిందట ముసురు పట్టి, ఎండ లేక సోలారు బ్యాటరీ చచ్చిపోయింది. పంది పైమూల కంచె తెంపుకుని చేలో పడింది. అడ్డం వెళ్ళిన గాసి తొడ చీల్చేసింది. ఆసుపత్రిలో లోపల తెగిన నెత్తుటి నరం కుట్టి, పైన పద్దెనిమిది కుట్లు వేశారు. నెల తిరక్కుండా కాలు నేల మీద మోపితే లోపలి కుట్టు తెగుతుందని, తెగితే మనిషి దక్కడని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి పంపింది.

సరళ, రవికుమార్ పొద్దున్నుంచి కంచె వెంట నడుస్తున్నారు. గడ్డి కోశారు. పగిలిన ప్లాస్టిక్ గొట్టాలు మార్చారు. వదులు ముడులు బిగించారు. టిక్కు సన్నబడింది గానీ ఆగలేదు. మధ్యాహ్నం మూడింటికి పైమూల గుంజ దగ్గరకొచ్చేసరికి రేడియో ఒక్కసారి చెవులు పగిలేలా అరిచింది.

గుంజకు ఎర్రగుడ్డ ముడుపు వేలాడుతోంది. అందులో నల్లకోడి ఈకలు, వేపమండ, విరిగిన కొడవలి ముక్క. రాత్రి కురిసిన వానకు అంతా తడిసి ముద్దయింది.

"ఇదేనమ్మా. ఈ ఇనుపముక్క తీగకు ఆని తడి గుంజలోకి రవ్వలు కొడుతోంది. తీసేస్తే సరి," అని రవికుమార్ చెయ్యి చాచాడు.

సరళ అతని చెయ్యి ఒడిసి పట్టుకుంది. "సెయ్యెట్టకు బాబూ! అది నా మొగుడి పేణం."

పంది వచ్చిన దారి అదే కాబట్టి ఊరి పూజారి మంగ్లు దిసారి ఆ దారిని కట్టేశాడు. తెగిన తీగను, గుంజను, ముడుపును కలిపి ఒకటే ముడి వేశాడు. గాసి తన కాళ్ళతో తాను నడిచొచ్చి విప్పేదాకా ఎవరూ దాన్ని ముట్టకూడదు. ముట్టుకుంటే పంది మిగిల్చిన ప్రాణం కూడా పోతుంది. పోనీ తీగ పక్కకు జరుపుదామన్నా ఆ ముడి విప్పాల్సిందే. దిసారిని అడిగినా లాభం లేదు, ఆయన కట్టేవాడే గానీ విప్పేవాడు కాదు. కంచే చేను మేసిందంటే ఇదే మరి. పంట నిలవాలని కట్టిన ముడుపే పంటకు ఎసరు పెట్టింది.

రవికుమార్ కొండకేసి చూశాడు, గడియారం చూసుకున్నాడు. "నేను చిన్న ఉద్యోగినమ్మా. ఐదింటికి ఏదో ఒకటి చెప్పాలి."

సరళ ఆ గుంజ ముందు కూలబడింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎవరి కోపమైతేనేం, పోయేది తన ఇల్లే. ఏడ్చింది, ముడుపును తిట్టింది, తిట్టినందుకు చెంపలేసుకుంది. తర్వాత ఇంటికి పరిగెత్తింది. గాసికి చెప్పకూడదనుకునే వెళ్ళింది.

"ఏటైందే?" అన్నాడు గాసి.

"ఏటీ నేదు మావా."

"ఏటీ నేకపోతే ఆ ఏడుపేటి?"

చెప్పేసింది. ఏడుపు దాచడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. గాసి మోచేతుల మీద లేచాడు. "ఆ కర్ర ఇలాగియ్యి," అన్నాడు.

"ఒద్దు మావా! సోళ్ళు పోతే పోయాయి. నువ్వు పోతే నానేటి సెయ్యను?"

"సోళ్ళు పోతే ఏటి తింతావు? ఈ మంచం కోళ్ళు తింతావా?"

ఆమె నవ్వలేదు. అతను కాలు కింద పెట్టాడు.

చేను గట్టుదాకా ఆమె భుజం మీద వాలే వచ్చాడు. గట్టు దగ్గర ఆగి, "ఇంక ఒగ్గెయ్యి," అన్నాడు. గుంజదాకా పన్నెండు అడుగులు. సరళ ప్రతి అడుగునూ లెక్కపెట్టింది. ఏడో అడుగుకు అతని పెదవులు తెల్లబడ్డాయి. తొమ్మిదో అడుగుకు ఆమె ముందుకు ఉరకబోతే చేత్తోనే ఆపాడు.

రవికుమార్ మిషను ఆపాడు. వానకు బిగిసిన ముడి వేళ్ళకు లొంగలేదు. గాసి పళ్ళతో లాగి విప్పాడు. రవికుమార్ తీగను కొత్త గొట్టానికి చుట్టి మిషను మళ్ళీ పెట్టి, రేడియో ఎత్తి పట్టుకున్నాడు.

టిక్కు లేదు. వట్టి బుస్సుమనే శబ్దం.

"పోయిందమ్మా! మీ చేను నిలిచింది!" రవికుమార్ కేకేసి ఫోను తీశాడు.

గాసి ముడుపును గుండెకు అదుముకుని గుంజకు జారగిలబడ్డాడు. "సప్పుడాగిందా?" అన్నాడు.

"ఆగింది మావా," అంటూ వంగిన సరళకు అతని కట్టు కనపడింది. ఎర్రగా తడిసి, తడి మోకాలిదాకా దిగుతోంది.

"బాబూ, ఫోనొగ్గేసి జీపు పైకి తే! బేగి!"

ఆమె కొంగు ఉండచుట్టి గాయం మీద రెండు చేతులతో బలంకొద్దీ అదిమింది. కొంగు కింద అతని నాడి కొట్టుకుంటోంది. సెకనుకొక్కసారి, మిషను కొట్టినట్టే, ఆమె అరచేతికి తగులుతోంది. పొద్దున్నుంచి చప్పుడు ఆగాలని ఎంతమందికి మొక్కుకుందో అందరినీ మళ్ళీ పేరుపేరునా పిలిచి, దీన్ని మాత్రం ఆపొద్దని మొక్కడం మొదలుపెట్టింది.