నన్ను ఎంచుకున్నవాడు

నేను ఒక మంచుబండిని. అందులోనూ కొండెక్కే రకాన్ని. నాకు చక్రాలుండవు. ముందు రెండు స్కీ పలకలు, వెనక నిలువెత్తు మనిషి పొడవును మించిన రబ్బరు పట్టా, ఆ పట్టాకు అడ్డంగా మూడంగుళాల పళ్ళు. ఒళ్ళంతా ఎరుపు. నన్ను చూసినవాడు ముందు రంగు చూస్తాడు, తర్వాత పొడవు చూస్తాడు, ఆ తర్వాత ఇంకేమీ చూడడు. నా బతుకులో గొడవలన్నీ అక్కడే మొదలయ్యాయి.

సముద్రాల అవతల ఒక చలిదేశపు కర్మాగారంలో పుట్టాను. బిగించినవాళ్ళు బాగానే బిగించారు. నడుములోతు మెత్తటి మంచులో తేలిపోవాలని, నిలబడి ఒళ్ళు వంచి నడిపేవాడి కోసం నన్ను చేశారు. నా నడుము సన్నం. ముందు పలకల మధ్య ఎడం తక్కువ. నడిపేవాడు ఎటు ఒరిగితే నేనూ అటు ఒరగాలి. లారీలకుండేలాంటి రేడియేటరు నాకు లేదు. పట్టా ఎగజిమ్మే మంచు పొట్టకింద తగిలితేనే నా ఇంజను చల్లబడుతుంది. ఇదంతా నాతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఈ దేశంలో ఆ పుస్తకం విప్పినవాడు లేడు. హిమాచల్‌లో నన్ను మొదట కొన్న హోటలాయన దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఆ హోటలాయన నా మీద ఒకే ఒకసారి ఎక్కాడు. నూరు గజాలు పోయి పడ్డాడు. మర్నాటి నుంచి నన్ను గుమ్మం ముందు నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ తానెంత దూరం పోయాడో చెప్పేవాడు. ఆ దూరం ఏటేటా పెరిగింది. చివరికి హోటలు మూతపడితే నన్నూ, నాతోపాటు షెడ్డులో పడి ఉన్న ఒక తెల్ల బండినీ సొరంగం తవ్వే కంపెనీ కొనుక్కుంది. ఆ తెల్లది పొట్టిది, వెడల్పు పట్టాది, చిన్న ఇంజనుకు ఫ్యాను పెట్టినది. దూడలా గునగున నడుస్తుంది. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చేది.

అప్పుడు కూర్మయ్య వచ్చాడు.

కూర్మయ్యది శ్రీకాకుళం జిల్లాలో మందస దగ్గర. పదమూడేళ్ళకే బడి మానేసి క్లీనరయ్యాడు. ఇరవై రెండేళ్ళు టిప్పరు తోలాడు. భార్య పైడమ్మ కంపెనీ మెస్సులో వంట చేస్తుంది. పైడమ్మ అన్న గున్నయ్య కొండపైన పంపుహౌసు కాపలాదారు. సొరంగంలో ఊరే నీళ్ళు తోడే పంపులు ఆగకూడదు కాబట్టి దారి మూసుకుపోయినా చలికాలమంతా ఒకడు అక్కడ ఉండాలి. ఆ ఒక్కడికీ చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆ మందు గడ్డకడితే ఇక పనికిరాదు. పైన గుడిసెలో పొయ్యి ఆరితే నీళ్ళబిందె కూడా రాయవుతుంది. అందుకని ఎక్కువ నిల్వ పెట్టకుండా వారం వారం సీసా పంపాలి. తీసుకెళ్ళేవాడు దాన్ని చొక్కాలోపల ఒంటికి ఆనించుకుని మోయాలి. ఆ పని కూర్మయ్యకు పడింది. రెండు బండ్లలో ఏది కావాలో నువ్వే చూసుకో అన్నాడు ఇన్‌చార్జి.

నవంబరులో ఒక పొద్దున షెడ్డు తలుపు తీశారు. మెకానిక్ సత్తారు కూడా ఉన్నాడు. కడప మనిషి. పటాలంలో పద్దెనిమిదేళ్ళు మంచులో బండ్లు బాగుచేసి వచ్చినవాడు. కూర్మయ్య నా పట్టాను బూటుతో తన్ని చూశాడు. పొడవును జానలతో కొలిచాడు. బానెట్ ఎత్తి తలూపాడు. టిప్పరు కొనేటప్పుడు ఏం చూస్తారో అవే చూశాడు.

“ఏంది కూర్మయ్యా, పెండ్లిచూపులకు వచ్చినట్టు చూస్తాండావు,” అన్నాడు సత్తారు. “నీకు తెల్లది చాలు. పోయినేడు దాంతో చదును మీద నాలుగు చుట్లు కొట్టినావు, అంతే గదా.”

“పదారు టన్నులు తోలినోణ్ణి భాయ్. నాకిదో లెక్కేటి?”

“అది కూర్చోని తోలేది. ఇది నిలబడి తోలేది. ఎడమ పక్క కొండ ఉంటే ఎడమ కాలి మీద ఏలాడాల. నీకింకా ఆ ఒడుపు రాలేదు. ఒక్క చలికాలం తెల్లదాని మీద నేర్చుకో సామీ, ఆ తర్వాత ఎర్రదాని సంగతి చూద్దాం.”

“తెల్లదానికి ఇంజనెంతేటి? ఆటో ఇంజనునాగుంది.”

గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ ఉండబట్టలేకపోయింది. “మావా, బాయి సెప్పింది ఇనుకో. మా అన్న మందు నీ సేతిలో ఉంటాది.”

“అందుకేనే పెద్దది కావాలన్నాను. ఎంత మంచున్నా లాగీసుకుని పోద్ది.”

నన్ను బయటికి తోశారు. నిజం చెప్పాలి కదా, నాకు సంతోషమే అయింది. ఎన్నాళ్ళకో ఒకడు నన్ను కావాలన్నాడు. ఎందుకు కావాలన్నాడో తెలిసి కూడా సంతోషించాను. ఆ మాటకొస్తే మనుషుల్ని వెక్కిరించే హక్కు నాకు లేదు.

మొదటి మంచు పల్చగా పడింది కాబట్టి డిసెంబరు ఎలాగో గడిచింది. కూర్మయ్య నా మీద చతికిలబడి కూర్చునేవాడు. నిలబడమని సత్తారు అరిచినప్పుడు నిలబడి, మలుపు తిరగ్గానే మళ్ళీ కూర్చునేవాడు. దారి బాగున్నంతకాలం నేను సర్దుకున్నాను. కాని ప్రతి ట్రిప్పులోనూ నాకు గుబులుగానే ఉండేది. ఈ మనిషికి నేనంటే ఏమిటో తెలియదు. తెలియదని అతనికి తెలియదు. అతని చొక్కాలో మాత్రం ఇంకొకడి ప్రాణం ఉంది.

జనవరిలో నాలుగు రోజులు ఆగకుండా మంచు కురిసింది. అయిదో రోజు పొద్దున్నే వాకీటాకీలో గున్నయ్య గొంతు వచ్చింది. పొయ్యి ఆరిపోయి సీసా గడ్డకట్టిందనీ, విడిగా జేబులో పెట్టుకున్న దాంట్లో రేపు పొద్దుటికి ఒక్క సూది మందు మిగులుతుందనీ చెప్పాడు. “తొందరేటీ నేదు బావా,” అని కూడా అన్నాడు. అలా అన్నాడంటే తొందర ఉన్నట్టే. పైడమ్మ కొత్త సీసాను ఉన్ని గుడ్డలో చుట్టి కూర్మయ్య పొట్టకు తానే కట్టింది. ముడి రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టింది.

“తెల్లదాని మీద, వాగు పక్క దారిన పో,” అన్నాడు సత్తారు. “చుట్టు దారే, కానీ చదును.”

కూర్మయ్య వినలేదు. అందరి ముందూ ఎంచుకున్న బండిని పని పడ్డరోజున షెడ్డులో వదిలిపెట్టడం అతనికి చేతకాలేదు.

కింది నాలుగు కిలోమీటర్లూ డోజరు తొక్కి చదునుచేసిన దారి. మంచు గట్టిపడి సిమెంటు రోడ్డులా ఉంది. నా పట్టాకు ఎగజిమ్మడానికేమీ దొరకలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఎర్రదీపం వెలిగింది. గట్టి దారిని గీకి నా పొట్టకు మంచుపొడి చల్లడానికి రెండు ఉక్కు తీగలు ఉంటాయి నాకు. ఊగుతూ చప్పుడు చేస్తున్నాయని కూర్మయ్య వాటిని ఎప్పుడో మడిచి బైండింగ్ వైరుతో కట్టేశాడు. ఇప్పుడు దిగి, బానెట్ ఎత్తి, నీళ్ళు ఎక్కడ పోయాలా అని వెతికాడు. మూత దొరకలేదు. “నీకు నీళ్ళు కూడా అక్కర్లేదేటే?” అని నన్నే అడిగాడు. నా అంతట నేను చల్లబడేసరికి అరగంట అక్కడే పోయింది.

ఆ పైన ఏటవాలు. మెత్తటి మంచు. నేను పుట్టింది ఆ చోటు కోసం. మొదటి వంద గజాలు ఎగిరినట్టే పోయాను. కొండ ఎడమ పక్కకు వచ్చింది. అతను ఎడమకు వేలాడాలి. కూర్చునే ఉన్నాడు. పైగా లోయను చూసి భయపడి హ్యాండిలును కొండవైపు బలంగా తిప్పాడు, ఒళ్ళు మాత్రం కుడికి జారింది. నేను లోయవైపు ఒరిగాను. జారి, తోక దించుకుని, ముక్కు ఆకాశానికెత్తి ఆగాను.

అప్పుడైనా వేగం మీట మీంచి చెయ్యి తీసేస్తే సరిపోయేది. దిగి, ముందున్న మంచును కాళ్ళతో తొక్కి గట్టిచేసి, నన్ను పల్లానికి తిప్పుకోవచ్చు. అతను మాత్రం ఇసుకలో దిగబడ్డ టిప్పరుకు ఇచ్చినట్టు, మీట అదిమి రేజు ఇచ్చాడు. నా పట్టా గిరగిరా తిరిగి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఇంకా రేజు ఇచ్చాడు. ఇంకా దిగాను. అప్పుడు సీటు వెనక పెట్టె తెరిచి రెండు గోనెసంచులు తీశాడు. టిప్పరు తోలేవాళ్ళు ఎక్కడికి పోయినా అవి లేకుండా కదలరు. టైరు కింద వేస్తే టైరు పట్టు దొరికి పైకొస్తుంది. వాటిని నా పట్టా కింద దోపి మీట నొక్కాడు.

నాది టైరు కాదు. పళ్ళు గోనెను లోపలికి లాక్కున్నాయి. లోపల పట్టాను తిప్పే ఇరుసుకు అది చుట్టచుట్టుకుపోయింది. ఒక్క కుదుపు. ఇంజను ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పైన ఎక్కడో మంచుపెళ్ళ ఒకటి జారిన చప్పుడైంది. కూర్మయ్య చేతులతో తవ్వాడు. చేతి తొడుగులు తడిసిపోయాయి. గోనె పీచు పీచుగా వచ్చింది, ఇరుసు వదల్లేదు. చివరికి వాకీటాకీ తీశాడు.

“దిగబడిపోనాది. గోనె పట్టాలోకెల్లి సుట్టీసుకుంది.”

“గోనెసంచి ఏసినావా?” సత్తారు గొంతు. “నీ టిప్పరు తగలెయ్య!”

“తవ్వుతున్నాను భాయ్. మద్దేనానికి తీసీగలను.”

అవతల వాకీటాకీ పైడమ్మ చేతికి మారింది. “మావా, సీసా ఏదీ?”

“పొట్టమీదే ఉంది.”

“ఎచ్చగుందా?”

“ఉంది.”

“అయితే దిగొచ్చీ. నీ గాడి ఉంది గదా, అందులోంచి నడిసి వచ్చీ.”

“బండినొగ్గీసి వత్తే ఇన్‌చార్జికి ఏటి సెప్పను పైడీ? నానే కావాలన్నాను గదా, అందరెదరా.”

“ఆ బండిని మీయమ్మ కన్నాదేటి? దాని పక్కన కూకుంటే ఆ సీసా గడ్డకడతాది. నువ్వు గడ్డకట్టినా ఎవులూ అడగరు, మా అన్న మందు గడ్డకడితే నానడుగుతాను. దిగొచ్చీమంటన్నాను!”

కూర్మయ్య వాకీటాకీని జేబులో పెట్టేశాడు. నా సీటు మీద కూర్చుని ఉండిపోయాడు. నేను ఎంత చల్లబడుతున్నానో అతని తొడలకు తెలుస్తూనే ఉంది. ఒకసారి చొక్కాలో చెయ్యిపెట్టి సీసాను తడుముకున్నాడు. ఇంకొకసారి తడుముకున్నాడు. మూడోసారి పెట్టిన చెయ్యి తీయకుండానే లేచాడు. మేం వచ్చిన గాడిలో మోకాళ్ళదాకా దిగబడుతూ కిందికి పోయాడు. రెండుసార్లు వెనక్కి చూశాడు. నాకైతే కోపం రాలేదు. ఇంతకాలం నన్ను ఎక్కినవాళ్ళలో, దిగాల్సినప్పుడు దిగినవాడు అతనొక్కడే.

మళ్ళీ మంచు మొదలై నన్ను హ్యాండిలుదాకా కప్పేసింది. మర్నాడు కింద వాగు పక్కనుంచి డుగుడుగుమని తెల్లబండి చప్పుడు వినిపించింది. నత్తనడక. ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆగినప్పుడల్లా నాకు ప్రాణం పోయినట్టుండేది. చాలాసేపటికి ఆ చప్పుడు కొండపైకి పోయి అక్కడ ఆగింది. తర్వాత తెలిసింది, దాన్ని తోలింది కూర్మయ్యేనట; అతను చేరేసరికి గున్నయ్య ఆఖరి సూదిని రెండు సగాలు చేసి, ఒక సగం వేసుకుని, రెండో సగం చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడట.

మే నెలలో మంచు కరిగాక కూర్మయ్య, గున్నయ్య ఇద్దరూ నా కోసం వచ్చారు. పీచు కోసి తీయడానికి ఒక పూటంతా పట్టింది. గున్నయ్య కొంచెం చిక్కాడు, నోరు మాత్రం చిక్కలేదు.

“ఇదేనేటి బావా నీ పట్టపుటేనుగు?”

“ఊరుకో బావా.”

“ఎందుకూరుకుంటాను? దీని మీద నువ్వు నాకోసం వత్తావని నాలుగు గంటలు గుమ్మంలో నిలబడ్డాను.”

కూర్మయ్య వంగి పీచు కోస్తూనే ఉన్నాడు. గున్నయ్య అతని చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా పీచు తానే కోశాడు.

నా ఇంజనులోకి నీళ్ళు దిగాయి. కంపెనీ నన్ను తుక్కు కింద తీసేసింది. సొరంగం పని ముగిశాక కూర్మయ్య, పైడమ్మ ఇక్కడే యాత్రికులు వచ్చే మైదానంలో ఇడ్లీ కొట్టు పెట్టుకున్నారు. చలికాలంలో కూర్మయ్య, కంపెనీ అమ్మేసిన తెల్లబండి మీద కొత్తవాళ్ళకు తోలడం నేర్పుతాడు. నన్ను తుక్కులోంచి తెచ్చి కొట్టు ముందు నిలబెట్టారు. ఇంజను లేదు, రంగు వేశారు. వచ్చినవాళ్ళు నా మీద కూర్చుని ఫొటోలు దిగుతారు.

మొన్న విజయవాడ నుంచి ఒక బ్యాంకాయన వచ్చాడు. తెల్లబండిని ఎగాదిగా చూసి, నావైపు వేలు చూపించాడు.

“నేర్చుకుంటే ఇలాంటి దాని మీదే నేర్చుకోవాలండీ. దీనికి ఇంజను పెట్టించి ఇవ్వరాదూ?”

“ఎక్కడం ఎవుడైనా ఎక్కీగలడు బావూ,” అన్నాడు కూర్మయ్య, ఇడ్లీ ప్లేటు అందిస్తూ. “నానైతే ముందర దిగడం నేర్పుతాను.”

ఆయన పకపకా నవ్వాడు. ప్లేటు పక్కనపెట్టి నా మీదెక్కి, హ్యాండిలు పట్టుకుని, ఛాతీ విరిచి ఫొటో తీయించుకున్నాడు. దిగేటప్పుడు కాలు తట్టుకుని మంచులో బోర్లా పడ్డాడు.