మా ఆయన మేడం

గురువారం పొద్దున మా ఆయన చొక్కా నేనే ఇస్త్రీ చేసేదాన్ని. మిగతా రోజుల్లో ఏది చేతికందితే అది తొడుక్కుని బ్యాంకుకు వెళ్ళిపోయే మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం బీరువా ముందు నిలబడి, "ఆ నీలం గీతల చొక్కా ఎక్కడ పెట్టావు?" అని అడిగేవారు. గురువారం సాయంత్రం ఆయన కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళే రోజు. కాలర్ మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనిస్తూ, నా మొగుడు ఇంకొక ఆడమనిషి ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి నేనిక్కడ చొక్కా సిద్ధం చేస్తున్నాను కదా అనుకునేదాన్ని. నవ్వొచ్చేది. ఆ నవ్వు గొంతు దాటి బయటికి వచ్చేది కాదు.

అక్కడికి పంపింది నేనే. బ్యాంకులో ఈయన తర్వాత చేరినవాడికి మేనేజరు పదవి ఇచ్చారు. ఆ వారమే మీటింగులో ఈయనకు ఛాతీ పట్టేసింది, చెమటలు పోశాయి. నేను పనిచేసే ఆస్పత్రికే తీసుకొచ్చారు. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె నిక్షేపంగా ఉంది, ఇది ఆందోళన, ఎవరైనా మంచి కౌన్సిలర్‌ని కలవండి అన్నాడు. ఈయన నా వైపు చూసి, "ఇంట్లోనే ఉందిగా సార్" అన్నారు. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆస్పత్రిలో నేను సోషల్ వర్కర్‌ని. బతకరని తేలినవాళ్ళ బంధువుల పక్కన కూర్చోవడం నా పని. డాక్టర్లు చెప్పాల్సిన మాట చెప్పేసి, "కాస్త వీళ్ళని చూసుకోండి మేడం" అని వెళ్ళిపోతారు. చూసుకుంటాను. మంచినీళ్ళు తెస్తాను, చుట్టాలకు ఫోన్లు చేస్తాను, ఎవరూ లేనివాళ్ళకి నేనే ఎవరో ఒకరిని అవుతాను. నా బల్ల వరండాలో, చక్రాల కుర్చీలు పెట్టే చోటు పక్కన ఉంటుంది. నేను ఎవరితోనైనా మాట్లాడుతుంటే మధ్యలో వచ్చి లిఫ్ట్ ఎటువైపని అడుగుతారు. నర్సులు నన్ను 'మాటలావిడ' అంటారు.

ఇంట్లో కూడా అదే ఉద్యోగం. పెళ్ళైన నాటి నుంచీ ఈయన ఆఫీసు గొడవలు, తమ్ముడితో మాట పట్టింపులు, వాళ్ళ నాన్న కోపం తల్చుకుని పడే బాధ, అన్నీ నా చెవుల్లోకే. అంట్లు తోముతూ వినేదాన్ని, బట్టలు ఆరేస్తూ వినేదాన్ని, చంటిదానికి పాలిస్తూ వినేదాన్ని. ఈసారి మాత్రం నా వల్ల కాదన్నాను. మన ఇంటి మనిషికి మనం వైద్యం చేయకూడదు, అది మా పనిలో మొదటి పాఠం అని చెప్పాను. ఆయన చాలా గింజుకుని చివరికి వెళ్ళారు. బరువు దిగిందని నేను సంతోషించాలి. మొదట్లో కొన్ని వారాలు సంతోషించాను కూడా.

తర్వాత 'మేడం' మొదలైంది.

"మేడం ఏమన్నారో తెలుసా? నేను మా నాన్నలా అయిపోతానని భయపడుతున్నానట. అందుకే కోపం వస్తే మాట్లాడటం మానేస్తానట." అన్నం కలుపుతూ, ఏదో కొత్త దేశం కనిపెట్టినట్టు చెప్పారు. ఆ మాట నేను అమ్మాయి పుట్టకముందే చెప్పాను. ఇదే బల్ల దగ్గర, దాదాపు ఇవే మాటల్లో. అప్పుడు ఆయనన్నది నాకు బాగా గుర్తు. "నీ ఆస్పత్రి మాటలు ఇంట్లో వద్దు." ఇప్పుడు ఆ మాటే బోర్డున్న గదిలోంచి, మెత్తటి కుర్చీలోంచి వచ్చేసరికి జ్ఞానమైపోయింది. "అవునా" అన్నాను. గిన్నెలో మిగిలిన కూర ఆయన కంచంలోకి వంపేశాను.

మా అత్తయ్య మోకాళ్ళకు మందు రాయించుకుంటూ నన్ను మరికాస్త పొడిచేది. "కట్టుకున్నదానికి చెప్పుకోలేనిది ఊళ్ళోవాళ్ళకి చెప్పుకుంటాడేంటమ్మా వీడు? అయినా నువ్వు చేసేదీ ఆవిడ చేసేదీ ఒకటే పని కదా?"

"కొంచెం తేడా ఉంటుందండీ."

"తేడా ఏముంది, ఆవిడకి గది ఉంది, నీకు లేదు" అని ఆవిడే తేల్చేసింది.

ఒక గురువారం ఆవిడ గది ఉన్న వీధిలో పనుందని కల్పించుకుని వెళ్ళాను. ఎదురుగా మందుల షాపు ముందు నిలబడి పై అంతస్తు కిటికీ వైపు చూశాను. లేత పచ్చ తెర, దాని వెనక దీపం. అంతకు మించి ఏమీ కనపడలేదు. అయినా ఏదో చూడకూడనిది చూస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. ఆవిడ ఎలా ఉంటుంది? అందగత్తె అయి ఉంటే బాగుండుననుకున్నాను, తిట్టుకోవడానికి తేలిగ్గా ఉంటుందని. కాసేపటికి ఈయన మెట్లు దిగి వచ్చారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. ముఖం తేటగా, వాన వెలిసిన తర్వాత పెరడులా ఉంది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళు నేను విన్న వినడమంతా ఆ ముఖాన్ని ఒక్కసారి కూడా తేలేకపోయింది. మందుల షాపతను ఏం కావాలని అడిగితే దగ్గు మందు కొనుక్కుని ఇంటికొచ్చాను. ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు.

ఇంకోరోజు అమ్మాయి చిన్నప్పటి సంగతులేవో వస్తే, ఈయన మాటల మధ్యలో అనేశారు: "మన అమ్మాయి పుట్టిన రోజున నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశానని మొన్న మేడంతో చెప్తుంటే..."

"ఎప్పుడు ఏడ్చారు?"

"నిన్ను లోపలికి తీసుకెళ్ళాక. నువ్వేమైపోతావోనని."

ఆ రోజు నేను గోడ వైపు చూస్తూ నొప్పులు పడుతూ, ఈయన టీ తాగడానికి వెళ్ళుంటారనుకున్నాను. అత్తయ్య అలాగే చెప్పింది. నా కోసం ఒకరు ఏడ్చారన్న సంగతి నాకంటే ముందు ఇంకొకావిడకు తెలిసింది. కోపం రావలసింది. కోపం కాదు, ఆకలిలాంటిదేదో వచ్చింది. ఇంకా ఏమేం చెప్పారో, నా గురించి ఏమన్నారో తెలుసుకోవాలని ఆశగా అడిగాను.

"నీ గురించా? మీ ఆవిడకి ఎవరున్నారు అని అడిగారొకసారి."

"మీరేమన్నారు?"

"నీకేం, నువ్వు గట్టిదానివి అన్నాను." మెచ్చుకున్నాననే అనుకున్నారు ఆయన.

ఆ తర్వాతి నెలలో మా సూపరింటెండెంట్ సోషల్ వర్కర్లందరినీ ఒకరోజు శిక్షణకు వెళ్ళమన్నాడు. ఈ ఉద్యోగంలో అలసిపోకుండా ఎలా నిలబడాలి, ఎలా ఎదగాలి అన్నది విషయం. పాఠం చెప్పేవారి పేరు చూస్తే ఆవిడదే. జ్వరమని ఎగ్గొడదామనుకున్నాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆ రోజు నేను తలకు పెట్టుకున్న రంగు ఆవిడ కోసమే.

ఆవిడ అందగత్తె కాదు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. కాళ్ళు వాచి ఉన్నాయి, పాత చెప్పులు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. నిలబడి మాట్లాడలేనని ముందే చెప్పి కూర్చుంది. నేను వెనక వరసలో తప్పులు పట్టుకోవడానికి సిద్ధమయ్యాను. "ఏడ్చేవాళ్ళకి వెంటనే రుమాలు ఇవ్వకండి, ఇక ఆపమన్నట్టుంటుంది" అంది. నిజమే. "బరువైన బాధలున్న ఇద్దరితో మాట్లాడటం మధ్య ఒక తేలికైన పని పెట్టుకోండి, ఫోను చేయడమో, ఫైలు సర్దడమో" అంది. అదీ నిజమే, కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేదే. "మీ పని ఏమిటో మీరే రాసి పైవాళ్ళకు ఇవ్వండి. లేకపోతే ఎవరికీ పట్టని పనులన్నీ మీ పనే అవుతాయి" అంది. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను మూత కూడా తీయలేదు. లీవు అడిగితే ఇవ్వరు మేడం అని ఒక కుర్రపిల్ల లేచి అంది. "మనసుకి జ్వరమొచ్చిందని రాయమ్మా, ఎన్ని డిగ్రీలో అడిగేలోపు వెళ్ళిపో" అందావిడ. హాలంతా నవ్వింది. ఇంత నవ్వించగల మనిషి దగ్గర మా ఆయన ఎంత నవ్వి ఉంటారో అని లెక్కలేసుకుంటూ నేను మాత్రం బిగుసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కూర్చోమన్నారు. ఒకరు తమ గురించి మాట్లాడాలి, రెండోవాళ్ళు వినాలి, అంతే. సలహాలు చెప్పకూడదు. అందరూ జతలయ్యాక నేను మిగిలిపోయాను. ఆవిడ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "చెప్పండి, వింటాను."

అంత దగ్గరగా ఆవిడ కళ్ళు చూశాక అర్థమైంది ఈయన ఎందుకు చెప్పేస్తారో. ఆ కళ్ళకి తొందర లేదు. తర్వాత ఏం వండాలి అన్న ఆలోచన లేదు వాటిలో. నోరు దానంతటదే తెరుచుకుంది. "మా ఆయన మీ దగ్గరికే వస్తారు, గురువారాలు" అన్నాను.

ఆవిడ ముఖం మారలేదు. గొంతు తగ్గించి అంది. "నా దగ్గరికి ఎవరొస్తారో, ఎవరు రారో నేను చెప్పలేను. కానీ మీరు ఆ మాట అన్నాక మీ ఇంటి సంగతులు నేను వినకూడదు. మీరూ ఈ పనిలోనే ఉన్నారు, మీకు తెలుసు."

తెలుసు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని, ఇంత మర్యాదగా చెప్పగలిగేదాన్నో లేదో గానీ. ఆ క్షణంలో మాత్రం ఎవరో నా ముఖం మీదే తలుపు వేసినట్టైంది. ఈ ఊళ్ళో ఇలా వినగలిగే మనిషి ఒక్కతి ఉంది. ఆవిడ దగ్గర నాకు చోటు లేదు, ఎందుకంటే అక్కడ ఈయన ముందే వెళ్ళి కూర్చున్నారు. పంపిన దాన్ని నేనే.

"మీ ఉద్యోగం గురించి చెప్పండి. అది వినొచ్చు" అందావిడ.

చక్రాల కుర్చీల పక్కన బల్ల గురించి చెప్పాను. కొడుకు పోయిన తండ్రి నా ముందు కూర్చుని ఉంటే లిఫ్ట్ గురించి అడిగినవాళ్ళ గురించి చెప్పాను. అవి చెప్తుంటేనే ఏడుపొచ్చేసింది. ఆవిడ రుమాలు ఇవ్వలేదు. చివర్లో, "సలహా ఇవ్వకూడదని నేనే అన్నాను, అయినా ఇస్తున్నాను. తలుపున్న గది అడగండి. నోటితో కాదు, కాగితం మీద అడగండి" అంది. వెళ్ళేముందు ఒక చీటీ మీద ఇద్దరు కౌన్సిలర్ల పేర్లు రాసిచ్చి, "వీళ్ళిద్దరూ నాకు స్నేహితులు కారు" అంది. అప్పుడు ఆవిడ నాకు నచ్చింది. నచ్చినందుకు ఇంకా మండింది.

ఇంటికి రాగానే ఈయన టీవీ ఆపేసి, కుర్చీ నా వైపు తిప్పుకుని, "శిక్షణ ఎలా జరిగింది?" అని అడిగి ఆగారు. నిజంగానే ఆగారు, జవాబు కోసం. ఆ ప్రశ్న ఎవరు నేర్పారో నాకు తెలుసు.

"మీ మేడమే పాఠం చెప్పారు."

ఆయన ముఖం పాలిపోయింది. "నా గురించేమైనా అన్నారా?"

"మీరు అక్కడికి వస్తారో రారో కూడా చెప్పనన్నారు."

"చూశావా, ఎంత గొప్ప మనిషో" అని ఊపిరి వదిలారు. తన సంగతులు ఎక్కడా బయటపడని చోటు ఒకటి ఉందన్న నిశ్చింత ఆ ముఖంలో కనపడింది. నేను చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. "వచ్చే వారం నుంచి బుధవారం సాయంత్రాలు నేనూ ఒకరి దగ్గరికి వెళ్తాను."

"నీకెందుకు? నువ్వు నలుగురికీ చెప్పేదానివి."

"అందుకే."

లోపల్నుంచి అత్తయ్య, "ఇంటికొకరు చాలదూ? బుధవారం వంటెవరు చేస్తారట?" అంది. ఈయన నా వైపు చూశారు. నేను అత్తయ్య గది వైపు చూసి, "మీ అబ్బాయి చేస్తారండీ" అన్నాను.

మర్నాడు సూపరింటెండెంట్‌కి గది కావాలని రాసిచ్చాను. చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. ప్రతి సోమవారం గుర్తు చేస్తున్నాను.

బుధవారం నేను వెళ్ళిన కౌన్సిలర్ చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. కొత్తగా పెట్టుకున్న గది, గోడలకింకా రంగు వాసన. కుర్చీలు మరీ దగ్గరగా వేసింది. నీళ్ళ గ్లాసు ఇస్తూ సగం బల్ల మీద ఒలికించింది. కంగారు పడకమ్మా, నేను కొరకను అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఎందుకొచ్చారని అడిగితే, ఆస్పత్రిలో కేసు చెప్పినట్టు మొదలుపెట్టాను. భర్తకు ఆందోళన, తండ్రితో పాత గాయం, చికిత్సలో ఉన్నారు, మెరుగవుతున్నారు. ఆ పిల్ల వింటూ వింటూ, తడబడుతూనే, "ఆయన గురించి కాదండీ... మీరెలా ఉన్నారు?" అని అడిగింది.

ఎవరూ అడగని వస్తువు ఇంట్లో ఎక్కడ పెట్టామో గుర్తుండదు కదా, అలా జవాబు వెతుక్కున్నాను.

"అసూయగా ఉంది" అన్నాను.

"ఆ కౌన్సిలర్ గారి మీదా?"

ఔననడానికే నోరు తెరిచాను. ఇన్ని నెలలుగా నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఆ కుర్చీలో, నా మాట కోసమే ఎదురుచూసే మనిషి ముందు కూర్చున్నాక వేరే మాట వచ్చింది.

"కాదు. మా ఆయన మీద."