గురవమ్మకు సంతాపం

సభ హాల్లో కుర్చీలన్నీ తుడిచేసరికి ఎల్లప్ప చొక్కా వీపుకు అంటుకుపోయింది. తెల్లారేలోపలే బజారువీధి కాలవ తీసి వచ్చాడు. ఆ వాసన గోళ్ళలో ఇంకా ఉంది. ఎర్రమిట్ట మున్సిపాలిటీలో సమావేశం ఉన్న రోజు కుర్చీలు తుడవడం, నీళ్ళసీసాలు పెట్టడం, అయిపోయాక ఊడవడం పారిశుద్ధ్య కార్మికుల పనే. దానికి వేరే కూలి లేదు. అసలు జీతమే ఐదు నెలలుగా లేదు.

బయట గోడనీడన తోటివాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎస్తేరు లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. గురవమ్మ బతికున్నప్పుడు ఆమె, ఎస్తేరు ఒకే వీధి ఊడ్చేవాళ్ళు.

"ఏమన్నా, మన జీతాల సంగతి మొదట పెట్టినారంట, నిజమేనా?"

"నిజమే మే. కౌన్సిలరు ఏబెల్ సారు కాగితం సూపించినాడు. మొదటి అంశం మనదే."

"ప్రతిమాటూ ఆఖర్న పెట్టేది, అన్నాలేళకి లేసి పొయ్యేది. ఇప్పుడేమి ఇంత మంచోళ్ళయిపోయినారు?"

"రెండు దినాలు సెత్త ఎత్తకపోతే అయినారు."

ఎస్తేరు నవ్వింది. ఎల్లప్ప నవ్వలేదు. ఈ పాలకవర్గానికి ఇదే ఆఖరి సభ. సోమవారం ఎన్నికల కోడ్ వస్తుందంటున్నారు. వస్తే కొత్తవాళ్ళు గెలిచి కూర్చునేదాకా జీతాల తీర్మానం ఉండదు. బియ్యం అరవై రూపాయలకు తక్కువ లేదు, అంగడివాడు అప్పు ఆపేశాడు. చెత్తపన్ను ఇంటికి తొంభై చేసిన తీర్మానం మాత్రం పోయిన సభలో టీ చల్లారేలోపలే అయిపోయింది.

హాలు ముందువైపు ఒక కుర్చీలో గురవమ్మ ఫొటో ఉంది. బంతిపూల దండ వేశారు.

గురవమ్మ ఎల్లప్ప భార్య. పోయిన నెల జ్వరంతోనే పొరక పట్టుకుని పనికి పోయింది. రాకపోతే పేరు కొట్టేస్తామని మేస్త్రీ అన్నాడు. మూడోనాడు చచ్చిపోయింది. చూడడానికి ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. నిన్న సాయంత్రం మాత్రం కౌన్సిలర్ మునిచంద్ర మోటారుసైకిల్ వేసుకుని ఇంటికే వచ్చాడు.

"గురవమ్మ ఫొటో ఉంటే ఇయ్యి ఎల్లప్పా. సభలో పెడతాము. మర్యాద చెయ్యాల గదా."

కాలవలు తీసేవాళ్ళ గడప ఆ ఊళ్ళో ఏ కౌన్సిలరూ తొక్కలేదు. ఎల్లప్ప గోడకున్న ఒక్క ఫొటోనూ మేకు నుంచి తీసి, తువ్వాలుతో అద్దం తుడిచి మరీ ఇచ్చాడు.

పదకొండున్నరకు ఛైర్మన్ మునివెంకటప్ప వచ్చి గంట కొట్టాడు. మునిచంద్ర లేచాడు.

"అధ్యక్షా, మన ఊరిని ఇరవై ఏండ్లు శుభ్రంగా పెట్టిన తల్లి గురవమ్మ. ఆమె మృతికి ఈ సభ సంతాపం తెలపాలని కోరుతున్నాను."

అందరూ నిలబడ్డారు. ఎల్లప్ప నీళ్ళసీసాల పెట్టె కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఆమె ఊడ్చిన హాలు ఇది. ఇందులో ఆమె పేరు పలికింది ఈరోజే.

రెండు నిమిషాలయ్యాయి. ఎవరూ కూర్చోకముందే ఛైర్మన్ మళ్ళీ గంట కొట్టాడు.

"ఆచారం ప్రకారం, ఆ తల్లికి గౌరవంగా సభను వాయిదా వేస్తున్నాను."

వెనక వరుసలోంచి ఏబెల్ అరిచాడు. కార్మికుల పక్షాన మాట్లాడే కౌన్సిలర్ అతనొక్కడే. "ఇదేం పద్ధతి అధ్యక్షా! జీతాల అంశం ఉండాది. కోడ్ వస్తే మళ్ళీ సభ ఎప్పుడు?"

"సచ్చిపోయిన ఆడమనిషికి మర్యాద ఇయ్యొద్దంటావా ఏబెల్? ఆమె మొగుడు ఈడనే ఉండాడు. ఆయన్నే అడుగు."

ఏబెల్ ఎల్లప్ప వైపు చూశాడు. మునిచంద్ర పక్కవాడితో మెల్లగా అన్నాడు. "అన్నం క్యారియర్లు వచ్చినాయేమో సూడబ్బా."

ఆ మాట ఎల్లప్పకు వినబడింది. ఫొటో ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. అద్దం తుడిచి ఇచ్చింది తనే.

అతను కుర్చీ దగ్గరికి పోయాడు. దండ తీసి ఛైర్మన్ బల్ల మీద పెట్టాడు. ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందిరా అది?" అన్నాడు ఛైర్మన్.

"ఆమె మొగుణ్ణి అడగమంటిరి గదా సార్. సెప్తా ఉండా. మాకీ వాయిదా వొద్దు. బతికుండంగా జీతం ఇయ్యలేదు. జొరమొస్తే ఇంట్లో పండుకోనియ్యలేదు. సచ్చినాక ఆమెను అడ్డం పెట్టుకోని అందరి జీతం ఎగ్గొడతారా?"

ఛైర్మన్ గొంతు తగ్గించాడు.

"ఎల్లప్పా, డిగ్రీలు సదివి పనిల్యాక రేణిగుంట కంపెనీల సుట్టూ తిరిగే పిల్లోళ్ళు శానామంది ఉండారు. నీ పొరక కోసం రేప్పొద్దున్నే వచ్చి నిలబడతారు. తెలుసా?"

"రానీండి సార్. ఐదు నెలలు ఊరికే ఊడ్సమని సెప్పండి. ఎందరు నిలబడతారో సూస్తాము."

కిటికీ అవతల ఎవరో పకపకా నవ్వారు.

ఎల్లప్ప వాకిలి దాకా నడిచాడు. బయటికి పోలేదు. హాలుకున్నది ఆ ఒక్క వాకిలే. గడప మీద గురవమ్మ ఫొటోను లోపలివైపు తిప్పి నిలబెట్టి, పక్కన కూర్చున్నాడు. ఎస్తేరు వచ్చి రెండోపక్క కూర్చుంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. బిర్యానీ వాసన వచ్చింది. "సామాను దించేదానికి ఒకరు రాండప్పా!" అని డ్రైవరు కేక వేశాడు. గోడనీడన ఉన్నవాళ్ళలో ఒక్కరూ లేవలేదు.

"లెయ్యి ఎల్లప్పా," అన్నాడు ఛైర్మన్. "హాలు ఊడ్సాల."

"ఊడ్సను."

మునిచంద్ర వాకిలి దాకా వచ్చాడు. దాటడానికి కాలు ఎత్తాడు. కింద గురవమ్మ అతని వైపే చూస్తూ ఉంది. ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు.

రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. లోపల అందరూ ఇంకా నిలబడే ఉన్నారు.