ఇంటికో గేటు

నల్లపాడు స్టేషన్ వెనక కాలనీలో చుట్టూ ఇళ్లున్న ఒక ఖాళీ స్థలం ఉంది, దాని మధ్యలో ఒక వేపచెట్టు. కోల్డ్ స్టోరేజీ నుంచి ఆటోలో మిరపకాయల బస్తాలు వచ్చి అక్కడ దిగుతాయి. పుల్లమ్మా, ఇంకొందరు ఆడాళ్లూ ఆ నీడన కూర్చుని కాయలకు ముచ్చికలు తీస్తారు. పొయ్యి మీద ఎసరు పడేసి, పిల్లల మీద ఓ కన్నేసి చేసుకునే పని. ఆ నీడ పోయిందా, కూలీ పోయినట్టే.

పడమటి వైపు ఇంట్లో ఉండే బాపయ్యగారికి మిరప ఘాటు పడదు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకు దగ్గడం, అర్జీలు పెట్టడం తప్ప వేరే పని లేదు. పెట్టగా పెట్టగా మున్సిపల్ ఆఫీసువాళ్లు విసుగెత్తి పార్కు మంజూరు చేశారు. చుట్టూ ఆరడుగుల గోడ, మెయిన్ రోడ్డు వైపు ఒకే గేటు, దానికో తాళం.

పుల్లమ్మ ఆఫీసుకెళ్లి, పార్కు కట్టుకోండి గానీ గోడొద్దు బాబూ అని బతిమాలింది. గోడ లేని పార్కు ఎస్టిమేటులో ఉండదన్నారు. తిరిగొచ్చింది. చెట్టు కింద కూర్చుని కళ్లు తుడుచుకుంది, మిరప చేత్తో తుడుచుకుంది గనక ఇంకాస్త ఏడ్చింది.

అయితే ఈ రోజుల్లో ఏం కట్టినా జనాన్ని అడిగే కట్టాలట. అడగడానికి చైతన్యకృష్ణ అని ప్లానింగు కుర్రాడొకడు వచ్చాడు. మంచివాడు, ఎవరేం చెప్పినా రాసుకుంటాడు. గోడ సంగతి తన చేతిలో లేదనీ, గేటు ఎక్కడుండాలో మాత్రం మీరే చెప్పాలనీ, ఆదివారం ముగ్గు పోసి చూపిస్తాననీ అన్నాడు.

పుల్లమ్మ ఇక గోడ ఊసెత్తలేదు. శనివారం ఇల్లిల్లూ తిరిగింది. గేటు మీ పక్కింటోళ్లకు పడుతుందేమో వదినా, మనకెందుకులే, అని అందరి చెవినా వేసి వచ్చింది. అగ్గిపుల్ల ఒకటి చాలు గదా!

ఆదివారం చర్చి అయ్యాక అందరూ చేరారు. కుర్రాడు స్థలం చుట్టూ ముగ్గుతో గోడ గీశాడు. జానీబీ తన గుమ్మం ఎదురుగా నిలబడి గేటు ఇక్కడే అంది. మా ఆయన ఆటో పట్టేంత ఉండాలనీ అంది. పక్కావిడ ఊరుకుంటుందా, రోడ్డు అవతలివాళ్లు ఊరుకుంటారా? అడిగిన చోటల్లా ఆ పిల్లాడు కాలితో ముగ్గు చెరిపి గేటని రాసుకున్నాడు. చెరపగా చెరపగా గోడ బాపయ్యగారింటి ముందు మాత్రం మిగిలింది. ఆయన్నీ అడిగాడు. గేటూ గేటూ ఎదురెదురైతే వాస్తు కాదు, నాకు గోడే కావాలన్నారాయన. అదీ రాసుకున్నాడు.

అన్ని గేట్లకు ఇనుము ఎవరిస్తారు? ఆఫీసువాళ్లు ఎస్టిమేటులోంచి గేట్లు కొట్టేసి, ప్రజలు కోరినచోట ఖాళీ వదిలేశారు. బాపయ్యగారి ముందు గోడ మాత్రం ఆరడుగులూ లేచింది.

పొద్దున వేపచెట్టు నీడ, మధ్యాహ్నం దాటితే గోడ నీడ. ఆడాళ్లు ఇప్పుడు సాయంత్రం దాకా గోడకు వీపు ఆనించి పని చేసుకుంటున్నారు. ఓ రోజు బాపయ్యగారు దగ్గుకుంటూ చుట్టూ తిరిగొచ్చి నిలబడ్డారు.

"పుల్లమ్మా, ఈ గోడ తీయించాలంటే ఎట్టాగే?"

పుల్లమ్మ ఆయన కూర్చోడానికి ఖాళీ బస్తా పరిచింది.

"మీరొక్కరూ అనుకుంటే ఎట్టాగండీ? అందర్నీ అడగాలి గదా."

అందరూ ముచ్చికలు తీసుకుంటూనే తల అడ్డంగా ఊపారు.