దిగుడులో ఆపిన ఇంజను

సుందర్‌రాజుకు ఆ పొద్దున ఒక్కటే ఆశ: తన కారు బ్రేకు చెడిపోయి ఉండాలి. ఎవరైనా ఇట్లాంటి ఆశ పెట్టుకుంటారా అంటే, పక్క సీట్లో కూర్చున్న భార్యను చేతులారా పోగొట్టుకున్నవాడు పెట్టుకుంటాడు. కొన్నాళ్ళ కిందట కంది ఊరి దగ్గరి దిగుడులో బ్రేకు పెడల్ బిగుసుకుపోయి కారు ఆగలేదు. ఎడమవైపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. సౌభాగ్యమ్మ అక్కడే ప్రాణం విడిచింది. "మెకానిక్ లింగం బ్రేకు బూస్టర్ సక్కగ బిగించలే" అని చర్చిలో అందరికీ చెప్పాడు సుందర్‌రాజు. ఆడలేక మద్దెల ఓడనడం మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పటాన్‌చెరులో లింగం షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది.

అందుకే బ్రేకు సంగతి తేల్చుకుందామని ఆ మెకానిక్ తనే సుందర్‌రాజు ఉండే పటేల్‌గూడకు వచ్చాడు. ఎడమ తలుపు నలిగిన కారు వాకిట్లోనే ఉంది. మెట్ల మీద అత్త సువార్తమ్మ కూర్చుంది. కూతురు పోయినా, అల్లుడికి ఇంత వండిపెట్టే దిక్కు లేదని ఇక్కడే ఉండిపోయింది ఆ తల్లి. లింగాన్ని చూడగానే, "నా బిడ్డను మింగినవు గదరా" అని శాపనార్థాలు పెట్టింది. అతను తల వంచుకుని విన్నాడు.

"సారూ, మీరే కూసోండ్రి. నేను ముట్ట. ఇంజను బంద్ ఉంచి బ్రేకు తొక్కుండ్రి."

మొదట మెత్తగా దిగింది. మళ్ళీ తొక్కాడు. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడింది. ఆ రాయిని సుందర్‌రాజు పాదం గుర్తుపట్టింది.

"గిప్పుడు కాలు తియ్యకుండ ఇంజను చాలు చెయ్యుండ్రి. బూస్టర్ మంచిగుంటే పెడల్ జెర కిందికి దిగుతది."

దిగొద్దు ప్రభువా, దిగొద్దు అని వేడుకుంటూ తాళం తిప్పాడు. ఇంజను అందుకోగానే పెడల్ అతని కాలి కింద మెల్లగా దిగిపోయింది. బూస్టర్‌కు ఏ రోగమూ లేదు.

సుందర్‌రాజు ఏళ్ళ తరబడి స్కూటర్ మీద ఫ్యాక్టరీకి పోయిన మనిషి. దిగుడు వస్తే ఇంజను ఆపేసి జారిపోవడం, పెట్రోలు మిగిలిందని మురిసిపోవడం అలవాటు. స్కూటర్‌కు అది చెల్లింది. కారులో ఇంజను ఆగితే బూస్టర్ బ్రేకుకిచ్చే బలం రెండు మూడు తొక్కులకే అయిపోతుందని అతనికి తెలియదు. సౌభాగ్యమ్మకూ తెలియదు. అయినా ఆ రోజు అతని చేతిని పట్టుకుని, "బంద్ చెయ్యకుండ్రి, నాకు భయమైతది" అంది. అతను నవ్వి, ఆ చెయ్యి విడిపించుకుని తాళం తిప్పాడు.

"ఆ దిగుడుల ఇంజను చాలుగనే ఉండెనా సారూ?" లింగం మెల్లగా అడిగాడు.

సువార్తమ్మ లేచి వచ్చింది. "ఏమంటున్నడు బిడ్డా? బ్రేకుదే గదా తప్పు?"

సుందర్‌రాజు అవునందామనుకున్నాడు. కాలి కింద దిగిన పెడల్ అలాగే ఉంది.

"బ్రేకు మంచిగనే ఉంది అత్తమ్మా. ఇంజను నేనే బంద్ చేసిన. ఆమె వద్దన్నది. నేనే ఇనలే."

సువార్తమ్మ అతని వైపు నుంచి తిరిగింది. లింగం ముందు రెండు చేతులూ జోడించింది. "నిన్ను తిట్టిన బిడ్డా, మాఫ్ చెయ్యి" అంది. లోపలికి పోయి తన సంచి తెచ్చుకుని, అల్లుడి వంక చూడకుండానే గేటు దాటింది. తనను తిట్టినా బాగుండునని సుందర్‌రాజు ఏడ్చాడు.

లింగం కూడా వెళ్ళిపోయాడు. వాకిట్లో ఇంజను నడుస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి తాళం మీదికి సుందర్‌రాజు చెయ్యి పోలేదు.