అక్క చెయ్యి, తమ్ముడి మెనూ

మౌస్ మీదున్న కుడిచేతిని కావాలనే వణికించాడు. తెర మీద ‘పుస్తకాలు’ అన్న మాటపై మౌస్ బాణం ఉన్నంతసేపూ కింద జాబితా తెరుచుకునే ఉంది. బాణం కిందికి దిగుతూ తడబడిందో లేదో, టక్కున మాయమైంది.

“దీని దుంప తెగ!” అని గొణుక్కున్నాడు.

ఆఫీసులో అతన్ని మెనూ బాబాయ్ అంటారు. బాణం పైకి రాగానే తెరుచుకునే మెనూలను అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా నడిపించడమే అతని పని. వంగిపోయిన మెడ, కళ్లద్దాలు ఒరిసి ఎర్రబడ్డ ముక్కు, బల్లకు ఆనీ ఆనీ కాయకాచిన మణికట్టు. పని బాగుంటే ఎవరూ పలకరించరు, చెడితేనే కబురొస్తుంది.

ఈ గ్రంథాలయం సైటులో మెనూ చెడిందని కబురు పెట్టింది మాత్రం సొంత అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఇల్లు కదల్లేదు, చేతులు వణుకుతాయి, చదువుకోవడానికి ఆ సైటే దిక్కు.

“నేను గడప దాటేలోగానే తలుపు మొహాన వేసేస్తోందిరా నీ మెనూ,” అంది.

“రేపు చూస్తాలే అక్కా,” అన్నాడు. ఆ రేపు నెలలు దాటింది. అతని చెయ్యి వణకదు కాబట్టి తప్పు కనబడలేదు.

ఇవాళ కనబడింది. మాటకీ జాబితాకీ మధ్య సన్నని ఖాళీ. బాణం అందులో చిక్కుకుంటే, బాణం మీదుందో లేదో కనిపెట్టే హోవర్ సెలెక్టర్ పట్టు వదిలేస్తోంది. ఆ జాగాను జాబితాలోనే కలిపేశాడు. మళ్లీ చెయ్యి వణికించాడు. ఏ బ్రౌజర్‌లోనూ మూసుకోలేదు. ఇంతేనా! ఇంత చిన్న పనికా అక్కను ఇన్నాళ్లు ఏడిపించాను అని సిగ్గేసింది.

వెంటనే ఫోన్ చేశాడు. “అక్కా, బాగైంది. చూడు.”

“నీ రేపు ఇప్పటికి తెల్లారిందా నాయనా?” ఆవిడ నవ్వింది. “సాయంత్రం రా. నీ ముందే చూస్తా.”

వస్తానన్నాడు. బయల్దేరబోతుంటే ఇంకెవరిదో మెనూ మొరాయించింది. ఇదొక్కటీ చూసి లేస్తాననుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

తీరా వెళ్లేసరికి అక్క ఇంటి తలుపు బార్లా తీసుంది. పక్కింటావిడ ఎదురొచ్చింది.

“కుర్చీలోనే పోయారు బాబూ. కునుకు తీస్తున్నారనుకున్నాను.”

అక్కను మంచం మీద పడుకోబెట్టారు. ఆ పాదాల దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చాడు. తలెత్తితే బల్ల మీద కంప్యూటర్ కనబడింది. తెర నల్లగా ఉంది. తన కోసం ఆగలేక ఒక్కతే చూసుకుందా? మౌస్ కదిపితే తెర వెలుగుతుంది, బాణమూ జరుగుతుంది. ఒకవేళ ఆవిడ తెరిచిన మెనూ అలాగే ఉండి, అది కాస్తా మూసుకుపోతే, చూసిందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. చెప్పిన వేళకు వచ్చి ఉంటే పక్కనే నిలబడి చూసేవాడు.

చెయ్యి చాపాడు. అది వణికింది. వెనక్కి తీసుకున్నాడు.

బల్ల అంచున, జారకుండా అక్క పాత గుడ్డపీలిక చుట్టుకున్న మౌస్ అలాగే ఉండిపోయింది.